ఊరికే వచ్చే ఆట - ఎవరి ఖర్చు?

పొద్దున లేస్తే పని. వంట, పశువులు, పిల్లలు, కూలి. అన్నీ అయ్యాక కాసేపు తీరిక దొరుకుతుంది. ఆ కాసేపు ఏం చేయాలి?

వెనకటి రోజుల్లో ఆడవాళ్ళు అరుగు మీద కూర్చుని అష్టాచెమ్మా ఆడేవారు. చింతగింజలతో వామనగుంటలు ఆడేవారు. వైకుంఠపాళీలో నిచ్చెన ఎక్కి, పాము నోట్లో పడి, నవ్వుకునేవారు. ఆ ఆటలకు పైసా ఖర్చు లేదు. నాలుగు గవ్వలుంటే చాలు. నేల మీద సుద్దముక్కతో గీతలు గీస్తే చాలు.

ఇప్పుడు చాలా ఇళ్ళలో ఫోను ఉంది. ఫోనులో ఆటలున్నాయి. ముత్యాలు కలిపే ఆట, పేక ఆట, లూడో ఆట. తీరిక దొరికితే చేయి ఫోను మీదకు పోతుంది.

ఆట ఆడటం తప్పు కాదు. పని చేసే మనిషికి తీరిక కావాలి. మగవాళ్ళు రచ్చబండ మీద గంటలకొద్దీ కూర్చుంటే ఎవరూ అడగరు. ఆడమనిషి పది నిమిషాలు ఫోను పడితే మాత్రం "పనీపాటా లేదా?" అంటారు. ఆ మాట న్యాయం కాదు.

కానీ ఒక సంగతి తెలుసుకోవాలి. "ఉచితం" అని రాసి ఉన్న ఆటలన్నీ ఒక్కటి కావు. కొన్ని నిజంగా ఉచితం. కొన్ని మన సమయాన్ని తీసుకుంటాయి. కొన్ని మన పొదుపు డబ్బును తీసుకుంటాయి. ఏది ఎలాంటిదో ఎలా తెలుస్తుంది?

ఆట ఎక్కడ ఉంటుంది?

ఫోనులో ఆట రెండు రకాలుగా దొరుకుతుంది.

ఒకటి, యాప్. దాన్ని ముందు ఫోనులోకి దించుకోవాలి. అది ఫోనులోనే కూర్చుంటుంది. కొంత చోటు తీసుకుంటుంది.

రెండు, వెబ్‌సైటులో ఆట. దీన్ని దించుకోనక్కరలేదు. ఫోనులో బ్రౌజరు ఉంటుంది. క్రోమ్ అనేది ఒక బ్రౌజరు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ రంగుల చక్రం, మధ్యలో నీలం చుక్క. అదే దాని గుర్తు. బ్రౌజరు ఒక తలుపు లాంటిది. ఆ తలుపు తీసి, కావలసిన ఆట పేరు రాస్తే ఆ చోటికి తీసుకుపోతుంది. తెలుగులో రాసినా సరే. మైకు గుర్తు నొక్కి నోటితో చెప్పినా సరే.

వెబ్‌సైటు ఆట మన ఫోనులో ఉండదు. ఎక్కడో దూరాన ఒక పెద్ద కంప్యూటరులో ఉంటుంది. అక్కడి నుంచి నెట్ ద్వారా మన ఫోనుకు వస్తుంది. ఆ కంప్యూటరు రాత్రింబగళ్ళు నడవాలి. దానికి కరెంటు కావాలి. ఆట తయారుచేసినవాళ్ళకు జీతాలు కావాలి. మరి ఆట మనకు ఊరికే వస్తోందే! ఆ ఖర్చు ఎవరు భరిస్తున్నారు?

ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే సగం మోసాలు తెలిసిపోతాయి.

నిజంగా ఉచితమైన ఆటలు

ముందు మంచివాటి గురించి చెప్పుకుందాం.

నెట్ లేనప్పుడు క్రోమ్ తెరిచి చూడండి. ఒక చిన్న రాక్షసబల్లి బొమ్మ కనిపిస్తుంది. దాన్ని వేలితో తాకితే అది పరుగెడుతుంది. దారిలో జెముడు మొక్కలు అడ్డం వస్తాయి. తెరను తాకితే బల్లి ఎగిరి దాటుతుంది. పోనుపోను పరుగు పెరుగుతుంది. మొక్క తగిలితే ఆట అయిపోతుంది. గూగుల్ కంపెనీవాళ్ళు 2014లో ఈ ఆటను క్రోమ్‌లో పెట్టారు. నెట్ లేకపోతే రాక్షసబల్లుల కాలానికి పోయినట్టే అని వాళ్ళ హాస్యం. దీనికి నెట్ అక్కరలేదు. ప్రకటనలు లేవు. డబ్బు అడగదు.

ఇంకో ఆట పేరు 2048. ఇందులో 16 గడులుంటాయి. గడుల్లో అంకెలుంటాయి. వేలితో పక్కకు, పైకి, కిందికి జరపాలి. ఒకే అంకె రెండుసార్లు పక్కపక్కకు వస్తే కలిసిపోతుంది. 2, 2 కలిస్తే 4. 4, 4 కలిస్తే 8. తర్వాత 16, 32, 64, 128. ఇలా 2048 దాకా పోవాలి. గడులన్నీ నిండి, కలపడానికి ఏమీ లేకపోతే ఓడినట్టు. 2014లో ఇటలీ దేశపు కుర్రాడు గాబ్రియేలె చిరుల్లి దీన్ని తయారుచేశాడు. అప్పుడు అతని వయసు 19 ఏళ్ళు. అందరూ ఊరికే ఆడుకోవచ్చని నెట్‌లో పెట్టాడు. కొత్తగా అంకెలు నేర్చుకున్నవారికి ఇది మంచి సాధన. కాకపోతే, ఈ ఆటను చూసి ఇతరులు చేసిన నకళ్ళు చాలా ఉన్నాయి. వాటిలో ప్రకటనలు నిండి ఉంటాయి.

చదరంగం ఆడాలనుకుంటే లీచెస్ అనే వెబ్‌సైటు ఉంది. ఫ్రాన్సు దేశపు తిబో డుప్లెసీ 2010లో దాన్ని మొదలుపెట్టాడు. ప్రపంచంలో ఎవరితోనైనా ఆడవచ్చు. కంప్యూటరుతోనూ ఆడవచ్చు. ఎత్తులు నేర్పే పాఠాలున్నాయి. ప్రకటన ఒక్కటీ ఉండదు. మరి ఖర్చు ఎవరిది? ఇష్టమైనవాళ్ళు ఇచ్చే చందాలతో అది నడుస్తుంది.

చదరంగం మగవాళ్ళ ఆట అనుకునేవారు ఇంకా ఉన్నారు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో, 15 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. 2019లో, మళ్ళీ 2024లో మహిళల ప్రపంచ రాపిడ్ పోటీలో గెలిచారు. తెలుగు ఆడపిల్లకు ఈ ఆట కొత్త కాదు.

సంతలో గారడీవాడు

ఇలాంటి ఆటలు తక్కువ. ఎక్కువ ఆటలు వేరే పద్ధతిలో నడుస్తాయి. అది ఏ పద్ధతి?

సంతలో గారడీవాణ్ణి చూసే ఉంటారు. డప్పు కొడతాడు. జనం మూగుతారు. గుడ్డలోంచి కోడిపిల్లను తీస్తాడు. టిక్కెట్టు అడగడు. అందరూ నోరు తెరిచి చూస్తుంటారు. అప్పుడు సంచిలోంచి సీసా తీస్తాడు. "మోకాళ్ళ నొప్పికి ఈ తైలం" అంటాడు. గారడీ ఊరికే చూపించాడు. ఎందుకు? అతనికి కావలసింది జనం. జనం ఉంటేనే తైలం అమ్ముడవుతుంది.

చాలా ఉచిత ఆటలూ ఇంతే. ఆట చూపించి జనాన్ని పోగుచేస్తారు. సబ్బుల కంపెనీ, చీరల కొట్టు, అప్పులిచ్చేవాళ్ళు వచ్చి "మా ప్రకటన చూపించండి" అని డబ్బు ఇస్తారు. ఆ డబ్బే ఆటకు పెట్టుబడి, లాభం. అంటే మనం డబ్బు ఇవ్వడం లేదు. మన చూపును, మన సమయాన్ని ఇస్తున్నాం. వీడియో ప్రకటన వస్తే మన నెట్ కూడా ఖర్చవుతుంది.

ఇది మోసం కాదు. రేడియోలోనూ, టీవీలోనూ ప్రకటనలుంటాయి. కానీ ప్రకటనలో దొంగ ప్రకటన కలిసి వస్తుంది. అక్కడ జాగ్రత్త కావాలి.

ప్రకటనను మూయడానికి మూలన చిన్న ఇంటూ గుర్తు ఉంటుంది. దాన్ని కావాలనే చిన్నదిగా పెడతారు. మధ్యలో పెద్ద ఆకుపచ్చ బటను పెడతారు. "ఆడండి" అనో "డౌన్‌లోడ్" అనో రాస్తారు. తొందరలో అది నొక్కితే వేరే చోటికి పోతాం. ఏదో యాప్ ఫోనులోకి దిగుతుంది. అందుకే తొందర పడకూడదు. ఇంటూ గుర్తు కనపడేదాకా ఆగాలి. కనపడకపోతే ఆ పేజీని మూసేయాలి.

ఇంకొకటి. కొన్ని సైట్లు తెరవగానే "నోటిఫికేషన్లు పంపవచ్చా?" అని అడుగుతాయి. "అనుమతించు" నొక్కితే ఇక పగలూ రాత్రీ ఫోను మోగుతూనే ఉంటుంది. "బ్లాక్ చేయి" నొక్కితే గొడవ లేదు. ఆటకు మన ఫొటోలతో పని లేదు. మన ఫోను నంబర్ల జాబితాతో పని లేదు. మన మెసేజీలతో పని లేదు. ఏ ఆటైనా ఇవి అడిగితే "వద్దు" అనాలి.

చిన్న అక్షరాలు

ఒక ఊళ్ళో పొదుపు సంఘంలో ఇద్దరు ఆడవాళ్ళు ఇలా మాట్లాడుకున్నారనుకోండి.

"అక్కా, నాకు స్కూటీ వచ్చిందంట! ఇదిగో, ఫోనులో చూడు."

"ఏ పోటీలో ఆడావు చెల్లీ?"

"పోటీ ఏమీ లేదక్కా. ముత్యాల ఆట ఆడుతుంటే ఇది వచ్చింది."

"పోటీ లేకుండా బహుమతి ఎట్లా వస్తుంది? సరే, నువ్వే చదువు. పైన పెద్ద అక్షరాలు కాదు. కింద చిన్నవి ఉన్నాయి చూడు, అవి చదువు."

ఆమె కూడబలుక్కుంటూ చదివింది. "బహుమతి... పంపుటకు... 499 రూపాయలు... చెల్లించవలెను."

"చదివావుగా! ఇప్పుడు చెప్పు."

"ఇచ్చేవాడు మనల్నే డబ్బు అడుగుతాడా అక్కా?"

"అదే మాట. పెద్ద అక్షరాలు ఆశ పెడతాయి. చిన్న అక్షరాల్లో అసలు సంగతి ఉంటుంది. చదువు నేర్చుకున్నది ఇందుకే."

ఆమె ఆ పేజీ మూసేసింది. 499 రూపాయలు మిగిలాయి.

ఒక్కోసారి ఆ చిన్న అక్షరాలు కూడా ఉండవు. బదులుగా ఫోను వస్తుంది. "మీకు డబ్బు వచ్చింది, పిన్ నంబరు కొట్టండి" అంటారు. ఇక్కడ ఒక సూత్రం గుర్తుండాలి. ఫోన్‌పే, గూగుల్ పే లాంటి వాటిలో మనకు డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు. మన దగ్గర నుంచి డబ్బు పోవడానికే పిన్ కావాలి. పిన్ అడిగారంటే మన డబ్బు పోబోతోందని అర్థం. ఓటీపీ కూడా అంతే. ఎవరికీ చెప్పకూడదు.

వాడిపోయే పంట

కొన్ని ఆటలు డబ్బు కన్నా ముందు మనిషినే కట్టిపడేస్తాయి. దీనికి ఒక మంచి ఉదాహరణ ఉంది.

2009లో అమెరికాలోని జింగా అనే కంపెనీ ఒక ఆట తెచ్చింది. పేరు ఫార్మ్‌విల్. ఫేస్‌బుక్‌లో ఊరికే ఆడవచ్చు. అది వ్యవసాయం ఆట. తెర మీద పొలం ఉంటుంది. దున్నాలి, విత్తాలి, కోయాలి. 2010 నాటికి నెలకు 8 కోట్ల మందికి పైగా ఆ ఆట ఆడారు.

అందులో ఒక కిటుకు ఉంది. స్ట్రాబెర్రీ పండ్లు నాటితే 4 గంటల్లో కోతకు వస్తాయి. వేళకు వచ్చి కోయాలి. ఆలస్యమైతే పంట వాడిపోతుంది. దాంతో జనం పని మధ్యలో వచ్చేవారు. నిద్ర మధ్యలో లేచేవారు. లేని పంట ఎండిపోతుందని భయం! ఓపిక లేనివారు డబ్బు పెట్టి పని తొందరగా చేయించుకోవచ్చు. కొందరు అసలు డబ్బు పెట్టారు. బొమ్మ ఆవులు, బొమ్మ చెట్లు కొన్నారు.

ఆ ఆట ఫ్లాష్ అనే సాఫ్ట్‌వేరు మీద నడిచేది. 2020 డిసెంబరు 31 తర్వాత ఫ్లాష్‌ను దాని కంపెనీ ఆపేసింది. అదే రోజు ఫేస్‌బుక్‌లోని ఆ ఆట కూడా మూతపడింది. పదేళ్ళు పెంచిన పొలాలు ఒక్క రోజులో మాయమయ్యాయి. ఒక్క గింజ కూడా ఇంటికి రాలేదు.

ఆ ఆట పోయింది. దాని కిటుకులు పోలేదు. ఇప్పటి ఆటల్లోనూ అవే ఉన్నాయి. "రోజూ వస్తే బహుమతి" అంటారు. "ఇంకో అరగంటకు కొత్త ప్రాణం వస్తుంది" అంటారు. "ఒక్క ఎత్తులో ఓడిపోయారు, మళ్ళీ ఆడండి" అంటారు. చేయి ఆగదు.

వామనగుంటల్లో గింజలు అయిపోతే ఆట అయిపోతుంది. ఫోను ఆటకు ఆఖరు లేదు. ఆఖరు మనమే పెట్టాలి. పొయ్యి మీద పప్పు ఉడికేదాకా ఆడాలి, ఉడకగానే ఆపాలి. లేదా ఫోనులో 20 నిమిషాలకు అలారం పెట్టుకోవాలి. నిద్ర వేళకు ఫోను మంచానికి దూరంగా పెట్టాలి.

డబ్బు పెట్టి ఆడే ఆట

ఇక మూడో రకం. ఇదే అన్నిటికన్నా ప్రమాదం. ఉచిత ఆట ఆడుతుండగా ఒక ప్రకటన వస్తుంది. "రమ్మీ ఆడండి, డబ్బు గెలవండి. మొదట 50 రూపాయలు మేమే ఇస్తాం" అంటుంది. ఆశ పుడుతుంది. మొదట కొంచెం గెలుపు కూడా వస్తుంది. తర్వాత ఏమవుతుంది?

ఒక లెక్క వేద్దాం. పది మంది తలా 100 రూపాయలు పెట్టారనుకుందాం. మొత్తం 1000. ఆట నడిపేవాడు తన వాటాగా నూటికి 10 తీసుకుంటాడనుకుందాం. మిగిలింది 900. ఆ 900 మళ్ళీ పందెం కాశారు. మిగిలింది 810. మళ్ళీ ఆడితే 729. అలా 7 ఆటలు ఆడితే, పది మంది దగ్గరా కలిపి మిగిలేది 478 రూపాయలే. సగం కూడా లేదు. ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా, నడిపేవాడు ప్రతిసారీ గెలుస్తాడు.

పొదుపు సంఘంలో ఇదే 1000 రూపాయలు పెడితే? ఒకరు అప్పు తీసుకుంటారు. వడ్డీ కడతారు. ఆ వడ్డీ సంఘంలోనే ఉంటుంది. 1000 పెరుగుతుంది. పందెంలో 1000 తరుగుతుంది. రెండింటికీ తేడా ఇదే.

పోయిన డబ్బు తిరిగి రావాలని మళ్ళీ ఆడతారు. చేతిలో లేకపోతే అప్పు ఇచ్చే యాప్‌లో తీసుకుంటారు. కొన్ని అప్పు యాప్‌లు ఫోనులోని నంబర్లన్నీ లాగేసుకుంటాయి. అప్పు కట్టకపోతే బంధువులకు ఫోన్లు చేసి పరువు తీస్తాయి. 2020 డిసెంబరులో హైదరాబాదు పోలీసులు ఇలాంటి యాప్‌లవారి మీద కేసులు పెట్టి, కొందరిని అరెస్టు చేశారు. అప్పటికే ఆ వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవారున్నారు.

అందుకే ప్రభుత్వాలు చట్టాలు చేశాయి. తెలంగాణ 2017లో ఆన్‌లైన్ పందెం ఆటలను నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆట నడిపితే 3 ఏళ్ళ దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా అని ఆ చట్టం చెబుతుంది. వాటికి ప్రచారం చేసినా శిక్షే. సినిమా నటుడు చెప్పినా, ఆటగాడు చెప్పినా నమ్మనక్కరలేదు.

ఇంట్లో మగవాళ్ళూ, చదువుకునే పిల్లలూ ఈ ఆటల్లో పడుతున్నారు. సంఘం కిస్తీ డబ్బు ఫోనులోంచి పోతే ఇల్లాలికే చివరకు తెలుస్తుంది. అందుకే బ్యాంకు నుంచి వచ్చే మెసేజీని మనమే చదవాలి. ఎంత వచ్చింది, ఎంత పోయింది, రోజూ చూసుకోవాలి. పిన్ నంబరు పిల్లలకు చెప్పకూడదు.

మోసపోతే ఏం చేయాలి?

సిగ్గుపడి దాచుకోకూడదు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఇది దేశమంతటికీ ఉన్న సైబర్ మోసాల నంబరు. ఎంత తొందరగా చెబితే అంత మంచిది. దొంగ డబ్బు తీసుకునేలోపే ఖాతాను ఆపించే వీలుంటుంది. తర్వాత బ్యాంకుకు పోవాలి. పోలీసు స్టేషనులో చెప్పాలి. వచ్చిన మెసేజీలను చెరపకూడదు. అవే సాక్ష్యం.

తీరికకు మరో దారి

ఆటలంటే విసుగు పుడితే చదవడానికి కూడా చోటు ఉంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. అందులో తెలుగులో వ్యాసాలున్నాయి. డబ్బు లేదు, ప్రకటనలు లేవు. అదీ చందాలతోనే నడుస్తుంది. మన ఊరి పేరు రాసి వెతకవచ్చు. చాలా ఊళ్ళ గురించి అందులో రాశారు. మన ఊరి గురించి ఏం రాశారో చదివి చూడండి. అది తప్పనిపిస్తే దిద్దవచ్చు కూడా. ఎవరైనా రాయవచ్చు.

గుర్తుంచుకుందాం

- ఆట ఊరికే వస్తే, ఖర్చు ఎవరిదని అడగాలి.
- పెద్ద అక్షరాలే కాదు, చిన్న అక్షరాలూ చదవాలి.
- ఆట ఫొటోలు, నంబర్లు, మెసేజీలు అడిగితే వద్దనాలి.
- డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు.
- డబ్బు పెట్టి ఆడే ఆట వద్దే వద్దు.
- మోసం జరిగితే 1930.

ఆలోచించండి, నలుగురిలో చెప్పండి

1. మీ ఊళ్ళో ఆడవాళ్ళు వెనక ఏ ఆటలు ఆడేవారు? ఆ ఆట ఎప్పుడు ఆగేది?
2. మీ ఫోనులో ఉన్న ఒక ఆట తెరిచి చూడండి. అందులో పది నిమిషాల్లో ఎన్ని ప్రకటనలు వచ్చాయి? వేటి గురించి వచ్చాయి?
3. 100 రూపాయలు పందెంలో పెట్టినదానికీ, సంఘంలో పెట్టినదానికీ తేడా ఏమిటి? లెక్క వేసి పలక మీద రాయండి.